పబ్బులో పాడే తల్లి మీద పంచాయితీ

"పెళ్ళికాకముందు పాడావు, సరే. పిల్ల పుట్టాక కూడా ఇంకా ఆ పబ్బులేమిటమ్మా?"

ఈ మాట నాకు చుట్టాల ఇళ్ళల్లో, అపార్టుమెంటు లిఫ్టులో, స్కూలు గేటు దగ్గర ఎదురవుతూనే ఉంటుంది. అనేవాళ్ళలో గిట్టనివాళ్ళు తక్కువ, నా మంచి కోరి అనేవాళ్ళే ఎక్కువ. తిట్టయితే దులిపేసుకుని నా దారిన పోయేదాన్ని. హితవు పేరుతో వచ్చే మాటకు మాత్రం నిలబడి జవాబు చెప్పాలి. లేకపోతే విన్నవాళ్ళు అదే నిజమనుకుంటారు. కొన్నాళ్ళకు ఆ మాట పడ్డవాళ్ళు కూడా నమ్మేస్తారు. పిల్ల పుట్టగానే మైకు పక్కన పెట్టేసిన ఆడపిల్లలు నాకు తెలుసు. వాళ్ళలో ఒకరిద్దరు నాకంటే మంచి గొంతున్నవాళ్ళు. వాళ్ళను మాన్పించింది ఈ హితవే.

నేను హైదరాబాదులో బ్యాండుతో పబ్బుల్లో పాడతాను. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు, ఎక్కువగా గురువారం నుంచి ఆదివారం దాకా. నాకు రెండో తరగతి చదివే కూతురుంది. మా ఇంటి ఖర్చులో సగం నా పాట మీద నడుస్తుంది.

నా మీద తీర్పు చెప్పేవాళ్ళ వాదన ఏమిటో న్యాయంగానే చెబుతాను. పబ్బు చెడ్డచోటు. అక్కడ పాడేది సంగీతం కాదు, తాగేవాళ్ళకు కాలక్షేపం. పెళ్ళికాని పిల్ల చేస్తే సరదా అనుకోవచ్చు, తల్లి చేస్తే బాధ్యత లేకపోవడం. పాట మీద అంత ప్రేముంటే ఇంట్లో నలుగురు పిల్లలకు చెప్పుకోవచ్చు, టీవీ పోటీకి వెళ్ళొచ్చు, గుళ్ళో భజన పాడొచ్చు. ఈ వాదనలో నిలిచే ముక్క ఒక్కటీ లేదని నా నమ్మకం. అంతకుమించి, మా కష్టార్జితాన్ని ఎగ్గొట్టేవాళ్ళకు ఈ వాదన కొమ్ము కాస్తోంది. అదెలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

అందరూ పిల్ల పేరుతోనే మొదలుపెడతారు కాబట్టి నేనూ అక్కడే మొదలుపెడతాను.

రాత్రి పదకొండు గంటలకు పబ్బులో ఎవరుంటారు? నా ఎదురుగా కూర్చున్నవాళ్ళలో తండ్రులు బోలెడంతమంది. ఫోను వెలిగితే తెరమీద పిల్లల బొమ్మ కనిపిస్తుంది. కొందరు మధ్యలో లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి, "వచ్చేస్తున్నా బంగారం, నువ్వు పడుకో" అని వీడియో కాల్ చేసి మళ్ళీ వచ్చి కూర్చుంటారు. పిల్లలు ఎవరి దగ్గరున్నారని వాళ్ళను ఏ చుట్టమూ అడగడు. వాళ్ళ సంగతి వదిలేయండి, మా బ్యాండునే తీసుకోండి. మా డ్రమ్మరుకు ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి ఇంకా నడకే రాలేదు. మాదంతా ఒకే వేదిక, ఒకే వేళ, ఒకటే పని. ఆయన గురించి మాట్లాడేటప్పుడు "ఇంటికోసం ఎంత కష్టపడుతున్నాడో పాపం" అంటారు. నా విషయానికొస్తే ఆ జాలి నా మీదికి రాదు, నా కూతురి మీదికి పోతుంది. పిల్లలకు రాత్రిపూట అమ్మానాన్నల్లో ఒకరు తప్పకుండా ఉండాలన్నది నియమమైతే ఆ నియమం ఇద్దరికీ ఉండాలి. ఒక్కరికే ఉందంటే దానికి పిల్లల క్షేమంతో సంబంధం లేదు.

నా కూతురి రోజు ఎలా గడుస్తుందో కూడా చెబుతాను. పొద్దున ఆరున్నరకు నేనే లేపుతాను. పప్పు, దొండకాయ వేపుడు, పెరుగన్నం, ఏదో ఒకటి బాక్సులో సర్ది బస్సెక్కిస్తాను. అది బడికెళ్ళాక నిద్రపోతాను. మధ్యాహ్నం సాధన చేసుకుంటాను. మూడున్నరకు బస్సు దిగేసరికి గేటు దగ్గర నేనుంటాను. అప్పటినుంచి షోకు బయల్దేరేదాకా హోంవర్కు, ఆట, అలక, స్నానం, అన్నం, అన్నీ నా చేతుల మీదుగానే. తొమ్మిదికి మా అమ్మ పక్కలో పడుకుంటుంది. నేను లేని వేళలో ఎక్కువ భాగం అది నిద్రలోనే ఉంటుంది. షోలు లేని రోజుల్లో రాత్రి కూడా నా పక్కనే. పొద్దున తొమ్మిదికి వెళ్ళి ట్రాఫిక్కులో ఈదుకుంటూ రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే తల్లులున్నారు. వాళ్ళను నేను ఒక్క మాట అనను, వాళ్ళ కష్టం వాళ్ళది. నన్ను వాళ్ళకంటే తక్కువ తల్లిగా లెక్కకట్టే తూకం ఎవరిదో మాత్రం చెప్పమంటాను.

రాత్రి పనే తప్పంటారా? ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మలకు పిల్లలు లేరా? పోలీసు స్టేషన్లో రాత్రంతా కూర్చునే మహిళా కానిస్టేబులుకు? అమెరికా వేళల ప్రకారం పనిచేసే ఐటీ ఆడపిల్లలకు? వాళ్ళను చూసి గర్వపడతాం, పడాలి కూడా. అంటే అభ్యంతరం రాత్రి మీద లేదు. మద్యం ఉన్న చోటు మీద ఉందంటారా? అదే పబ్బులో లెక్కలు రాసే ఆవిడ తల్లే, వంటగదిలో కూరలు తరిగే ఆవిడా తల్లే. వాళ్ళ పెంపకం మీద ఎవరికీ అనుమానం రాదు. ప్రభుత్వ ఖజానాకు మద్యం మీద ఏటా వేల కోట్లు వస్తున్నాయి, ఆ డబ్బుతో కట్టిన బడిలో చదివే పిల్లల్ని ఎవరూ తప్పుపట్టరు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఒక్కటే. ఆడది నలుగురి ముందు నిలబడి, డబ్బు తీసుకుని, మగవాళ్ళు వింటుండగా పాడుతోంది. అభ్యంతరమంతా దాని మీదే. మిగతావన్నీ దానికి కప్పిన దుప్పట్లు.

ఈ అభ్యంతరానికి మన తెలుగునాట పెద్ద చరిత్రే ఉంది. గుళ్ళల్లో, జమీందారుల కొలువుల్లో, పెళ్ళి పందిళ్ళలో పాడిన, ఆడిన కలావంతుల స్త్రీల విద్యను శతాబ్దాల పాటు అనుభవించిన సమాజమే వాళ్ళను ఊరి మర్యాదకు బయట నిలబెట్టింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీల అంకితాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. పసిపిల్లల్ని గుడికి అంకితం చేసే ఆచారం పోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే దాంతోపాటు ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళ బతుకుతెరువు కూడా పోయింది. వాళ్ళ పదాలు, జావళీలు, అభినయం మాత్రం మిగిలాయి, పెద్ద ఇళ్ళ పిల్లలు వాటిని నేర్చుకుని వేదికలెక్కారు, వాటికి గౌరవం దక్కింది. కళను ఉంచుకుని కళాకారిణిని వదిలించుకోవడం మనకు అలవాటైన పద్ధతే.

బెంగుళూరు నాగరత్నమ్మను తలుచుకోండి. దేవదాసీ కుటుంబంలో పుట్టింది. సంగీతం పాడి సంపాదించిన సొంత డబ్బుతో తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మీద గుడి కట్టించింది. 1925 నాటి మాట అది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదని మగ విద్వాంసులు పట్టుబడితే ఆవిడ ఊరుకోలేదు, ఆడవాళ్ళందరినీ కూడగట్టి వేరే ఉత్సవం నడిపింది. ఈవేళ జనవరిలో ఆ ఆరాధన జరిగితే ఆడా మగా కలిసి పంచరత్నాలు పాడుతున్నారు, టీవీలో చూసి మనం దణ్ణం పెట్టుకుంటున్నాం. ఆ గుడి కట్టించిన డబ్బు ఎక్కడిదో, ఆ రోజుల్లో జనం ఆవిడను ఏమనేవాళ్ళో గుర్తుపెట్టుకునేవాళ్ళు తక్కువ.

ఇప్పటి కాలానికే వస్తే ఉషా ఉతుప్ ఉంది. 1969లో మద్రాసు మౌంట్ రోడ్డులో ఒక నైట్ క్లబ్బులో కంచిపట్టు చీర కట్టుకుని పాడటంతో ఆవిడ ప్రయాణం మొదలైంది. తర్వాత కలకత్తా పార్క్ స్ట్రీటులో ట్రింకాస్. పెళ్ళయింది, ఇద్దరు పిల్లల్ని కన్నది, పెంచింది, పాడుతూనే ఉంది. 2011లో పద్మశ్రీ, 2024లో పద్మభూషణ్ వచ్చాయి. ఇప్పుడు ఆవిడ పేరెత్తితే అందరూ చప్పట్లు కొడతారు. నేను అడిగేదల్లా, ఆ గౌరవం ఇవ్వడానికి నలభై ఏళ్ళకు పైగా ఎందుకు పట్టాలి? బిరుదు వచ్చిన గాయని ఒక్కతే తల్లిగా పనికొస్తుందా? బిరుదు రాని మాలాంటివాళ్ళ మర్యాద ఏ కమిటీ తేల్చాలి?

కోర్టులు ఈ విషయంలో ఇరుగుపొరుగుకంటే ముందున్నాయి. మద్యం వడ్డించే చోట ఆడవాళ్ళు పనిచేయకూడదన్న పాత పంజాబు ఎక్సైజు చట్టం సెక్షనును సుప్రీంకోర్టు 2007లో అనూజ్ గార్గ్ కేసులో కొట్టేసింది. ఆడదానికి ప్రమాదముందంటే ఆ ప్రమాదం లేకుండా చూడటం రాజ్యం బాధ్యత, ఆమె ఉపాధి తీసేయడం రక్షణ కాదన్నది ఆ తీర్పు సారాంశం. 2022 ఫిబ్రవరిలో ఇంకొక తీర్పు వచ్చింది. ముంబయిలో ఆర్కెస్ట్రా బార్ల లైసెన్సులో వేదిక మీద ఆడవాళ్ళు నలుగురు, మగవాళ్ళు నలుగురు మించకూడదన్న షరతుండేది. ఆ ఆడ, మగ లెక్కను సుప్రీంకోర్టు చెల్లదంది. ఎనిమిదిమంది కళాకారులుంటే అందులో ఆడవాళ్ళెందరో, మగవాళ్ళెందరో ప్రభుత్వం తేల్చక్కర్లేదు. ఈ రెండు తీర్పులూ నాకు కంఠతా వచ్చు. చుట్టాల ఇంట్లో భోజనాల దగ్గర చాలాసార్లు వాడాను.

ఇక పాట సంగతి. "మీరు పాడేవన్నీ ఎవరో పాడిన పాటలేగా, అందులో కళేముంది?" అనేవాళ్ళలో సంగీతం తెలిసినవాళ్ళు కూడా ఉండటం నాకు బాధగా ఉంటుంది. కర్ణాటక సంగీత కచేరీకి వెళ్ళండి. పాడేది త్యాగరాజ కృతి, దీక్షితర్ కృతి, అన్నమయ్య కీర్తన. వందల ఏళ్ళనాటి పాటను వెయ్యిమంది పాడారు, ఇంకా పాడతారు. కాపీ కొట్టారని ఎవరూ అనరు, ఈయన ఎలా పాడాడు, ఆవిడ ఎలా పాడింది అని పోల్చుకుంటారు. ఇళయరాజా పాటను నేను పాడేటప్పుడు మాత్రం ఆ కొలబద్ద మారిపోతుంది, ఎందుకు? పాట రాసినవాళ్ళకు, బాణీ కట్టినవాళ్ళకు దక్కాల్సింది దక్కాలన్నదానికి నేను పూర్తిగా కట్టుబడి ఉన్నాను. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి వాళ్ళ రాయల్టీ హక్కును ఎవరూ రాయించుకోలేకుండా చేశారు, చాలా మంచి పని. పాటల రాయల్టీ వసూలు చేసే, 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్ సంస్థ దగ్గర లైసెన్సు తీసుకోవాల్సిన బాధ్యత పబ్బుది, కార్యక్రమం పెట్టేవాళ్ళది. అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని 2017లో ఇళయరాజా తరఫున ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు వెళ్ళినప్పుడు తెలుగువాళ్ళంతా ఇద్దరిలో ఎవరి పక్షమో తేల్చుకోలేక నలిగిపోయారు. నా పక్షం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: స్వరకర్తకు డబ్బు ఇవ్వాలి, గాయకుణ్ణి పాడనివ్వాలి. రెండూ కలిసి కుదురుతాయి.

బాలు గురించే ఇంకో మాట. సినిమాల్లో స్థిరపడకముందు ఆయన మద్రాసులో ఒక లైట్ మ్యూజిక్ బృందం నడిపారు. ఆ బృందంలో వాయించినవాళ్ళలో ఇళయరాజా ఒకరు, గంగై అమరన్ ఒకరు. సభల్లో, వేడుకల్లో జనం అడిగిన సినిమా పాటలు పాడేవాళ్ళు. తర్వాత అదే బాలు 1996 నుంచి 'పాడుతా తీయగా' నడిపి మన పిల్లలకు వేదిక ఇచ్చారు. ఆ వేదిక గొప్పదే, కాదనను. కానీ టీవీ పోటీకి వెళ్ళమని నాకు సలహా ఇచ్చేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతున్నారు. పోటీ ఒక సీజనులో అయిపోతుంది, బతుకు ఏడాది పొడవునా ఉంటుంది. పోటీల్లో ఫైనలు దాకా వెళ్ళిన పిల్లల్లో కొందరు ఇవాళ పబ్బుల్లోనే పాడుతున్నారు, ఎందుకంటే పాటకు వారంవారం డబ్బిచ్చే చోట్లు ఈ ఊళ్ళో మరి ఎన్నో లేవు. సినిమాలో పాడే అవకాశం వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమందికే. పాట మీదే బతకాలనుకునే మిగతావాళ్ళు ఎక్కడ పాడాలి?

కాలక్షేపం అంటున్న ఆ పనిని దగ్గర నుంచి చూడండి. సాయంత్రం ఆరున్నరకు సౌండ్ చెక్. ఖాళీ హాల్లో పాట గణగణా మోగుతుంది. రాత్రికి హాలు నిండేసరికి మనుషులు, వాళ్ళ బట్టలు ఆ మోతను పీల్చేసుకుంటాయి, గొంతు పలచబడుతుంది. అది ముందే అంచనా వేసుకుని మైకు సరిచేయించుకోవాలి. మానిటర్‌లో నా గొంతు నాకు వినపడాలి, అలాగని కాస్త ఎక్కువైతే స్పీకరు కుయ్యిమంటుంది. ఇక శ్రుతి. మగగొంతు పాటను ఉన్న శ్రుతిలోనే అందుకుంటే పల్లవిలోనే నా గొంతు అడుగున మునిగిపోతుంది, ఒక స్థాయి పైకెత్తితే చరణంలో అరుపవుతుంది. నాలుగైదు మెట్లు జరిపి నా అయిదున్నర శ్రుతి దగ్గరికి తెచ్చుకోవాలి. గిటారతను క్యాపో జరుపుతాడు, కీబోర్డులో మీట నొక్కితే మారిపోతుంది, కానీ ఏ మెట్టు దగ్గర ఆపితే పాట తన రంగు పోగొట్టుకోదో గొంతుతోనే తేల్చాలి. ఒక్కో పాటకు ఇంట్లో మధ్యాహ్నాలు ఖర్చవుతాయి. ఏసీ గాలికి గొంతు ఎండిపోతుంది, స్మోక్ మెషిన్ పొగ నేరుగా మొహానికి కొడుతుంది. మూడు సెట్లు పాడి మూడోదాంట్లో కూడా పైషడ్జం నిలబెట్టాలంటే మొదటి సెట్లో ఎంత దాచుకోవాలో తెలియాలి.

ఇంకో విద్య ఉంది, అది ఏ పాఠశాలా నేర్పదు. ఒక శనివారం రాత్రి రెండు టేబుళ్ళ మధ్య గొడవ మొదలైంది. ఒకరు తెలుగు మాస్ పాట కావాలంటారు, ఇంకొకరు హిందీ పాట కావాలంటారు, గ్లాసులు బల్లమీద గట్టిగా పడుతున్నాయి, బౌన్సరు అప్పుడే కదిలాడు. నేను వెనక్కి తిరిగి గిటారతనికి ఒక రాగం పేరు చెప్పి, తొంభైల నాటి ఒక మెలొడీ ఎత్తుకున్నాను, డ్రమ్స్ లేకుండా, నెమ్మదిగా. రెండో వరుసకు అరుపులు తగ్గాయి. అనుపల్లవికి రెండు టేబుళ్ళూ నాతోపాటు అందుకున్నాయి. అక్కడికి ఎవరెవరో వస్తారు: పెళ్ళిరోజు జరుపుకునే జంటలు, ఉద్యోగం పోయినవాళ్ళు, నాన్న పోయిన పదిహేనో రోజు స్నేహితులు బలవంతాన తీసుకొచ్చిన కుర్రవాడు. వాళ్ళందరినీ ఒకే పాటలోకి తేవడం నా పని. దాన్ని సంగీతం అనడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నా మీద వచ్చే విమర్శల్లో ఒకదాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మోత. ఇళ్ళ మధ్య పెట్టిన పబ్బుల నుంచి అర్ధరాత్రి దాకా వచ్చే బాస్ దడదడకు పిల్లలు, ముసలివాళ్ళు నిద్రపోలేకపోతున్నారన్న జూబ్లీహిల్స్ వాసుల ఫిర్యాదు న్యాయమైంది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఇళ్ళున్న చోట నలభై అయిదు డెసిబెళ్ళు దాటకూడదు. 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు రాత్రి పది తర్వాత పబ్బుల్లో సంగీతం వద్దని ఆదేశించినప్పుడు మా రంగంలో చాలామంది గగ్గోలు పెట్టారు. నేను పెట్టలేదు. నాకూ నిద్రపోయే పిల్ల ఉంది. ఆ ఆదేశాన్ని పట్టుకుని పబ్బుల యజమానులు చేయాల్సింది ఇంకోటి ఉంది: పాటను ముందుకు జరపడం. ఏడింటికి మొదలుపెట్టి పదింటికి ముగించండి. వినేవాళ్ళు ఆఫీసు నుంచి నేరుగా వస్తారు, పాడేవాళ్ళు పదకొండుకల్లా ఇంటికి చేరతారు, చుట్టుపక్కల ఇళ్ళు నిద్రపోతాయి. జనం పదిన్నరకుగాని రారన్న వాదన నేను చాలాసార్లు విన్నాను. పది దాటాకే అసలు బ్యాండు ఎక్కుతుందని మీరే అలవాటు చేశాక జనం ముందెందుకొస్తారు? తల్లుల గురించి అంత బెంగ ఉన్న పెద్దలు ఈ ఒక్క వేళ మార్పు కోసం నోరు విప్పి ఉంటే, వాళ్ళ బెంగ నిజమేనని నేను నమ్మేదాన్ని. ఒక్కరూ విప్పలేదు.

నా అసలు కోపం ఇక్కడే. మమ్మల్ని మర్యాద తక్కువవాళ్ళుగా చూసే చూపు వల్ల ఎవరికి లాభమో చూడండి.

మాకు రాతకోతలుండవు. బుకింగ్ చూసే మనిషి ఫోనులో ఒక రేటు చెబుతాడు, షో అయ్యాక "ఈరోజు సేల్స్ తక్కువ మేడమ్" అని ఇంకో రేటు చెబుతాడు. ఆ రాత్రే ఇస్తామన్న డబ్బు వచ్చే వారానికి, అక్కణ్ణించి నెలాఖరుకు, అక్కణ్ణించి ఫోను ఎత్తకపోవడానికి వెళుతుంది. పదిశాతం ఆదాయపు పన్ను (టీడీఎస్) పేరుతో కోసుకుంటారు, దానికి సర్టిఫికెట్ అడిగితే ముఖం మార్చుకుంటారు. ఒకచోట రెండు నెలల డబ్బు ఆపేస్తే నేను గట్టిగా అడిగాను. అక్కడి మేనేజరు అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "పోలీసుల దగ్గరికి వెళ్ళి ఏమని చెబుతారు మేడమ్, పబ్బులో పాడతానని చెబుతారా?" ఆ మనిషికి అంత ధైర్యం ఎక్కడిది? స్కూలు గేటు దగ్గర, లిఫ్టులో, భోజనాల బల్ల దగ్గర నాకు హితవు చెప్పినవాళ్ళే ఇచ్చారు. నేను సిగ్గుపడి బయటికి చెప్పుకోనని వాళ్ళు హామీ ఉన్నారు, ఆ హామీ మీద అతను నా డబ్బు తిన్నాడు.

వేధింపు సంగతీ అంతే. పని చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే ఏ సంస్థలోనైనా ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దాని వివరాలు కళ్ళకు కనబడేలా గోడకు పెట్టాలి. బాధపడ్డ స్త్రీ అక్కడ ఉద్యోగి కాకపోయినా ఆ చట్టం ఆమెకు వర్తిస్తుంది. అంటే ఒక్కరాత్రికి పాడటానికి వచ్చిన నాకూ వర్తిస్తుంది. నేను పాడిన చోట్లలో ఆ కాగితం గోడ మీద కనిపించింది చాలా అరుదు. అడిగితే, "ఇక్కడ పాడటానికి వచ్చాక అలాంటివి ఉంటాయి కదండీ" అంటారు. ఐటీ కంపెనీ రాత్రి షిఫ్టుకు ఆడవాళ్ళను పెట్టుకోవాలంటే ఇంటి దాకా బండి ఏర్పాటు చేయాలి, అది అనుమతికి షరతు. అర్ధరాత్రి ఒంటిగంటకు భుజాన బ్యాగుతో క్యాబు కోసం రోడ్డు మీద నిలబడే గాయనికి ఆ షరతు లేదు. ఆవిడ ఎవరి ఉద్యోగీ కాదు కాబట్టి ఎవరి బాధ్యతా కాదు. ఈ లోటు గురించి నాకు హితవు చెప్పినవాళ్ళలో ఒక్కరూ ప్రశ్నించలేదు. పని మానెయ్యమంటారే గాని పని చోటు బాగుచేయమని ఎవరికీ చెప్పరు.

నేను మందు ముట్టనని, పాట అవగానే తల వంచుకుని వచ్చేస్తానని, భర్త సమ్మతితోనే పాడుతున్నానని చెప్పుకుంటే కొంతమంది నన్ను 'అందరిలాంటిది కాదు' అని వదిలేస్తారు. ఆ వదిలివేత నాకొద్దు. అలా నేను గట్టెక్కితే, తాగే గాయని, భర్త లేని గాయని, ఒంటరిగా బిడ్డను పెంచుకునే గాయని ఇంకొంచెం లోతుకు దిగబడతారు. వాళ్ళూ పాడినంత డబ్బుకు, ఇంటిదాకా బండికి, గోడ మీద ఆ కాగితానికి హక్కుదారులే. నా ఇంట్లో ఏముందన్నది ఆ హక్కుకు షరతు కాకూడదు.

కూతుర్ని బడిలో చేర్చేటప్పుడు దరఖాస్తులో తల్లి వృత్తి అన్నచోట 'గాయని' అని రాశాను. కౌంటరు దగ్గరి ఆవిడ తలెత్తి, "సినిమాల్లోనా, టీవీలోనా అండీ?" అని ముచ్చటగా అడిగింది. "పబ్బుల్లో" అన్నాను. ఆవిడ పెన్ను ఒక్క క్షణం ఆగింది. "హౌస్‌వైఫ్ అని రాసేద్దామా మేడమ్, ఇబ్బంది ఉండదు" అంది, చాలా మర్యాదగా. వద్దన్నాను. నా కూతురు పక్కనే నిలబడి అంతా వింటోంది. తన ఫీజు కడుతున్న పనిని దాచాలని అది ఆ రోజు నా దగ్గర నేర్చుకోకూడదు.

వాదనలన్నీ అయిపోయాక అందరూ చివరికి అడిగేది ఒకటుంది. "సరే, రేపు నీ కూతుర్ని ఈ పనికి పంపిస్తావా?" నన్ను ఇరుకున పెట్టానని అనుకుంటారు. పంపిస్తాను. దానికి గొంతుండి, ఇష్టముంటే తప్పకుండా పంపిస్తాను. సగం డబ్బు అడ్వాన్సుగా ఖాతాలో పడకుండా సౌండ్ చెక్కుకు వెళ్ళొద్దని చెబుతాను. ఒప్పుకున్న రేటు, ఆగే వేళ, తిరిగి వచ్చే బండి మూడూ వాట్సాప్‌లో రాయించుకోమంటాను. కమిటీలో ఎవరున్నారో మొదటిరోజే అడగమంటాను. మూడో సెట్టు కోసం గొంతు దాచుకోవడం ఎలాగో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతాను. అప్పటికి కూడా ఎవరైనా లిఫ్టులో దాన్ని ఆపి "పబ్బులో పాడితే పెళ్ళెలా అవుతుందమ్మా" అని అడిగితే, వాళ్ళను నా దగ్గరికి పంపమంటాను.